మా సందు స్పీడ్ బ్రేకర్

మా సందు మలుపులో ఎవరో స్పీడ్ బ్రేకర్ వేశారు. తెల్ల గీత లేదు, బోర్డు లేదు, పైగా స్తంభానికి లైటు వెలగదు. మొన్న పాలతని బండి ఎగిరి క్యాన్లు రోడ్డంతా దొర్లాయి.

మాది ఒడిశాలోని గంజాం జిల్లా కదా, ఇంట్లో తెలుగు, దీని మీద పెట్టే అర్జీ ఒడియాలో. పక్కింటి మాస్టారు రాసిపెట్టారు. నేను టేపు పట్టుకెళ్లి కొలిచాను. రోడ్ల కొలతలు, ప్రమాణాలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో గుండ్రటి హంపు, అంటే స్పీడ్ బ్రేకర్, 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మాది అరమీటరు వెడల్పు కూడా లేదు, గట్టులా నిలబడింది!

ఫోటోలో టేపు కనబడేలా తీసి, స్తంభం నంబరు కూడా రాశాం. ఉత్తినే ‘రోడ్డు బాగాలేదు’ అంటే ఎవరు కదులుతారు? లైటు వచ్చింది. హంపు మీద మాత్రం సున్నం గీతలు గీసి వెళ్లిపోయారు. ఆ ఫోటో కూడా పంపిస్తున్నాం.