చెరువు పిట్టల లెక్క: నీటిమట్టం రాయకపోతే సగం పనే

ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987లో మొదలైన ఈ లెక్కలో పిట్టలను గుర్తుపట్టగలిగినవాళ్ళు ఎవరైనా చేరవచ్చు. మన నెల్లూరు వైపు ఉత్సాహవంతులంతా పిట్టలకు పేరుపడ్డ నేలపట్టుకో పులికాట్‌కో బండి కడతారు. అక్కడ లెక్కపెట్టేవాళ్ళకు కొదవ లేదు. మనుషులు కావాల్సింది కావలి, అల్లూరు, బుచ్చిరెడ్డిపాళెం చుట్టుపక్కల మామూలు సాగు చెరువుల దగ్గర. ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక్క చెరువును ఎంచుకొని ఏళ్ళ తరబడి దాన్నే పట్టుకోవడం, ఏడాదికో కొత్త చెరువు తిరగడం కంటే ఎంతో మేలు.

నెల్లూరు చెరువులకు ఒక తిరకాసు ఉంది. వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. దాంతో గణన జరిగే జనవరికి మంచి ఏడైతే చెరువు నిండుగా ఉంటుంది. నిండు చెరువులో బురద అంచు ఉండదు. బురద అంచున మేసే చిన్న ఉల్లంకి పిట్టలకు నాలుగైదు సెంటీమీటర్ల నీళ్ళు చాలు, అంతకు మించితే కాలు ఆనదు. తలకిందులై మేసే పరజలకు, సూదితోక బాతులకు అడుగు, అంతకు తక్కువ లోతు కావాలి. నత్తగుల్ల కొంగలు నాట్లు వేసిన మళ్ళలోకి చెదిరిపోతాయి. వానలు తప్పిన ఏడు ఆ పిట్టలన్నీ మిగిలిన కాస్త మడుగులోకే చేరతాయి. కాగితం మీద చూస్తే కరువు ఏడు పిట్టలు పెరిగినట్టు, మంచి ఏడు తగ్గినట్టు కనిపిస్తుంది. పక్కన నీటిమట్టం రాసి లేకపోతే ఆ అంకెలు తప్పుదారి పట్టిస్తాయి.

మట్టం రాయడానికి పరికరాలేమీ అక్కర్లేదు. తూము దగ్గర స్కేలు ఉంటే దాని అంకె రాయండి, లేకపోతే తూము మెట్లు ఎన్ని బయట ఉన్నాయో రాయండి. కలుజు (చెరువు నిండితే నీళ్ళు పొర్లే చోటు) పారుతోందా లేదా, బురద అంచు ఎన్ని అడుగుల వెడల్పు ఉంది, గుర్రపుడెక్క చెరువులో ఎన్నో వంతు కప్పింది, ఇవి చాలు. ప్రతిసారీ ఒకే చోట నిలబడి ఒక ఫొటో తీయండి. చెరువు నీళ్ళు చూసుకునే లస్కరును పలకరిస్తే నీళ్ళు ఎప్పుడు వదిలారో, వలలు ఎప్పుడు వేశారో చెబుతాడు. ఏ యాప్‌లోనూ దొరకని సమాచారం అది.

ఇక నిలబడే చోటు. మన నేల పడమటి నుంచి సముద్రం వైపు వాలుతుంది కాబట్టి ఎక్కువ చెరువులకు కట్ట తూర్పున, నీళ్ళు పడమటన ఉంటాయి. ఉదయం కట్ట మీద నిలబడితే ఎండ వీపు మీద పడి పిట్టల రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. సాయంత్రం అదే కట్ట మీద నుంచి చూస్తే ప్రతిదీ నల్లటి నీడే. తెల్లవారగానే మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించండి. నేల వేడెక్కి గాలి పైకి లేచాక గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు సుళ్ళు తిరుగుతూ ఆకాశంలోకి వెళ్ళిపోతాయి. చలికాలంలో నేలపట్టులో గూళ్ళు ఉంటాయి గనుక, మన చెరువులో కనిపించే గూడబాతు మేతకు వచ్చింది కావచ్చు. అందుకే గంట గంటకూ వాటి అంకె మారుతుంది. టైము రాయడం మరవొద్దు.

8×42 బైనాక్యులర్లు చాలు. పెద్ద చెరువుకైతే ముక్కాలి మీద టెలిస్కోపు లేకుండా అవతలి ఒడ్డు బాతులు తేలవు. ఒకరు చూసి చెప్పాలి, ఒకరు రాయాలి. తాటిచెట్టు, తూము, గుడి లాంటి గుర్తులతో చెరువును భాగాలు చేసుకొని ఒకే దిశలో సాగండి. లెక్కపెట్టిన భాగం నుంచి ముందుకు ఎగిరివెళ్ళిన గుంపును అప్పుడే రాసుకోకపోతే రెండోసారి లెక్కలోకి వస్తుంది. పెద్ద గుంపైతే ముందు పది పిట్టలను విడిగా ఎంచి, అవి ఎంత జాగా ఆక్రమించాయో కళ్ళతో పట్టుకొని, ఆ కొలతతో పదులుగా, యాభైలుగా సాగండి. గుంపు మధ్యలో ఒత్తుగా, అంచుల్లో పలచగా ఉంటుందని గుర్తుంచుకోండి. కొత్తవాళ్ళ అంచనా చాలాసార్లు అసలు కంటే తక్కువే వస్తుంది. గద్ద వచ్చి అన్నిటినీ లేపితే పెన్ను ఆపి, అవి మళ్ళీ వాలాక ఆ భాగం మొదటి నుంచి మొదలుపెట్టండి.

తెల్లకొంగలన్నీ ఒకే గాటన కట్టేయడం మామూలుగా జరిగే తప్పు. నల్ల ముక్కు, పసుపు పాదాలు ఉంటే చిన్నది. పెద్దదానికి నోటి గీత కంటిని దాటి వెనక్కు పోతుంది, మధ్యరకానికి కంటి కిందే ఆగుతుంది. గేదెల వెంట తిరిగే పొట్టి పసుపు ముక్కుది వేరే జాతి. దూరాన ఉన్న ఉల్లంకులు తేలకపోతే “గుర్తుపట్టని ఉల్లంకులు 40” అని రాయండి. అదేమీ సిగ్గుపడే సంగతి కాదు, ఊహించి రాసిన పేరు కంటే అదే పనికొస్తుంది.

రొయ్యల గుంతలను చెరువు లెక్కలో కలపకండి. పట్టుబడి అయ్యి నీళ్ళు తీసేసిన గుంత మీద కొన్నాళ్ళు విపరీతంగా పిట్టలు వాలతాయి, ఆ తర్వాత ఏమీ ఉండవు. దానికి వేరే జాబితా పెట్టండి.

గూళ్ళున్న చెట్ల కిందికి వెళ్ళొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు. తల్లి లేచిన నిమిషంలో కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. చచ్చిన పిట్టలు కనిపిస్తే ముట్టుకోకుండా ఫొటో తీసి పశుసంవర్ధక శాఖకు, అటవీ శాఖకు చెప్పండి. 2024 ఫిబ్రవరిలో ఈ జిల్లా కోళ్ళలోనే బర్డ్ ఫ్లూ బయటపడింది.

పిట్టల జాబితాలు నమోదు చేసే ఈబర్డ్‌లో ఎక్కించేటప్పుడు అంకె బదులు “ఎక్స్” (ఉంది, ఎన్నో లెక్కపెట్టలేదు అని) కొట్టడం సులువే గానీ, గణనకు అది దేనికీ కొరగాదు. ఎంతసేపు, ఎంత దూరం నడిచారో రాసి, గుర్తుపట్టిన జాతులన్నీ చేర్చాకే “పూర్తి జాబితా” అని ఒప్పుకోండి. అప్పుడే జాబితాలో లేని పిట్ట ఆ రోజు మీ కంటపడలేదని చదివేవాళ్ళకు తెలుస్తుంది. బుడబుంగ కూడా లేని ఖాళీ చెరువైనా సరే, వెళ్ళిన రోజు జాబితా పెట్టండి. నీటిమట్టం, లస్కరు మాటలు వ్యాఖ్యల గడిలో పడతాయి.