ఆపిల్ కీబోర్డు చేతులతో ఇన్‌స్క్రిప్ట్ పరీక్ష రాసొచ్చాను

నిన్న సాయంత్రం ఫోన్ వచ్చింది, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో టైపింగ్ టెస్టు పాసయ్యాను, ఒకటో తారీఖు నుంచి డ్యూటీకి రమ్మని. కోపం, సంతోషం రెండూ వేడిగా ఉండగానే రాసేస్తున్నాను. డీటీపీ (అచ్చు కోసం కంప్యూటర్లో మ్యాటర్ కొట్టి పేజీలు కట్టే పని) నుంచి యూనికోడ్‌కి (ఫోన్లలో, వెబ్‌సైట్లలో తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతి) మారాల్సి వచ్చిన వాళ్లెవరికైనా పనికొస్తుంది.

నేను విజయవాడలో డీటీపీ ఆపరేటర్ని. అను అనే తెలుగు ఫాంట్లు, పేజీలు కట్టే పేజ్‌మేకర్, ఆపిల్ కీబోర్డు (అనులో తెలుగు కొట్టే మీటల అమరిక పేరు), ఇదే నా లోకం. శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు, గైడ్లు, కవులు సొంత డబ్బుతో వేసుకునే పుస్తకాలు అన్నీ ఈ చేతుల మీదుగా వెళ్లినవే. మ్యాటర్ పక్కన పెడితే తెర వంక చూడకుండా కొట్టేదాన్ని. ప్రూఫులో నా తప్పులు వెతకడం దండగని మా ప్రూఫ్‌రీడరు గారే అనేవారు. శుభలేఖలు వాట్సాప్ వీడియోలైపోయాక ఓనరు షాపు మూసేశాడు. వెబ్‌సైట్ నడిపే ఒక ఆఫీసులో తెలుగు టైపిస్టు కావాలంటే దరఖాస్తు పెట్టాను. సర్టిఫికెట్లు చూశారు, నాలుగు మాటలు అడిగారు, అంతా సాఫీగానే జరిగింది.

తర్వాత టెస్టు. మా మేనల్లుడి వయసు కుర్రాడు ఒక పేజీ చేతికిచ్చి, "కొట్టండక్కా" అన్నాడు. ఆ కంప్యూటర్లో అను లేదు, ఇన్‌స్క్రిప్టే ఉంది. వేళ్లు వాటి అలవాటు దారిన అవి పోయాయి. తెర మీద మాత్రం ఒక్క మాట కుదరలేదు. హల్లులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. మధ్యలో గుడి ఒకటి, చుక్కలతో గీసిన సున్నా మీద వేలాడుతోంది. ఇన్నేళ్ల పనిలో అలాంటి సున్నా నేనెప్పుడూ చూడలేదు. చెరిపి మళ్లీ కొడితే మళ్లీ అదే సున్నా. "అక్కా, ముందు హల్లు పడాలి, దాని తర్వాతే గుడి. ఒంటరిగా కొడితే అలాగే వస్తుంది" అన్నాడు కుర్రాడు, పాపం మెల్లగానే. వెనక సీట్లలో అమ్మాయిలు కిసుక్కుమన్నారు.

ఇన్‌చార్జి వచ్చి నిలబడ్డాడు. నేను పెన్‌డ్రైవ్ తీసి, నేను చేసిన ఒక పుస్తకం మ్యాటర్ కాపీ చేసి వాళ్ల విండోలో పేస్ట్ చేశాను, కనీసం పనితనమైనా చూస్తారని. పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, కామాలు. "తెలుగు ఏదమ్మా ఇందులో? ఇన్నేళ్ల అనుభవం అని రాశారు, టైపింగే రాదా?" అన్నాడు, గది మొత్తానికి వినబడేలా. చెవులు వేడెక్కిపోయాయి. టైపింగ్ రాదా! ఆయన చదువుకునే రోజుల్లో ఏ గైడు పట్టుకున్నాడో, దాన్ని నాలాంటి వాళ్లే ఎవరో కొట్టి ఉంటారు.

అసలు సంగతేమిటంటే, అను లాంటి పాత ఫాంట్లలో కంప్యూటర్‌కి తెలుగు అనేదే తెలియదు. ఇంగ్లీషు అక్షరాలుండే గళ్లలోనే మన అక్షరాల బొమ్మలు కూర్చోబెట్టారు. ఫాంటు తీసేస్తే కింద ఇంగ్లీషే మిగులుతుంది. యూనికోడ్‌లో తెలుగుకి సొంతంగా 128 గళ్లున్నాయి, 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ. ఈ రెండు ముక్కలు ఆ ఇన్‌చార్జి చెప్పుంటే ఆయన సొమ్మేం పోయేది? నవ్వి, నెలాఖరుకి నేర్చుకుని రమ్మన్నాడు.

మొదట ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాను. ఫీజు ముందే కట్టించుకుని, కీబోర్డు బొమ్మ ఉన్న జిరాక్స్ కాగితం చేతిలో పెట్టారు. అంతే, అదే కోర్సు. ‘ఫోన్‌లో’ అని కొడితే ‘ఫోన్లో’ అని అతుక్కుపోతోందేమిటి సార్ అని అడిగాను. మధ్యలో కనబడని అక్షరం ఒకటి పెట్టాలట, ఆ సంగతి ఆయనకే తెలియదు. "ఎలా పడితే అలా చదువుకుంటారు లెండి" అన్నాడు. దయచేసి ఎవరూ డబ్బు కట్టకండి. విండోస్‌లోనే ఈ ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు ఉంది, సెట్టింగ్స్‌లో భాష కలుపుకుంటే చాలు. మా అక్క కొడుకు తన ల్యాప్‌టాప్‌లో పెట్టిచ్చాడు.

ఇన్‌స్క్రిప్ట్ లెక్క తెలిస్తే బాగానే ఉంటుంది. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి. కె మీద క, షిఫ్ట్ పట్టుకుంటే ఖ. హిందీ, కన్నడం, తమిళం ఏదైనా క అక్కడే ఉంటుంది. నన్ను ఏడిపించింది ఒత్తులు. ‘స్త్రీ’ తీసుకోండి. మా డీటీపీ చేతికి ముందు సీ, తర్వాత దాని కింద తవత్తు, ఆ పైన క్రావడి. కాగితం మీద ఎలా రాస్తామో అలాగే. ఇక్కడ స, పొల్లు, త, పొల్లు, ర, అన్నిటికన్నా చివర గుడిదీర్ఘం. ఎం, డి, ఎల్, డి, జె, ఆర్. ఒత్తుకి వేరే మీటే లేదు, పొల్లు కొట్టి హల్లు కొడితే అదే కిందకి దిగుతుంది. కంటితో చూసే వరస మర్చిపోయి నోటితో పలికే వరస పట్టుకోవాలి. వంట చేస్తూ కూడా ‘ఉత్సాహం’, ‘రాష్ట్రం’ విడదీసి గొణుక్కునేదాన్ని. మా ఆయన టెన్షన్ పడి, జ్వరమేమోనని నుదురు పట్టుకు చూశారు.

ఒక్క విషయంలో మాత్రం ఆ కీబోర్డు తయారుచేసిన వాళ్లని క్షమించలేను. మన ఎత్వం, ఒత్వం తీసుకెళ్లి ఎక్కడ పెట్టారో చూడండి. ఎత్వం కింద వరసలో జెడ్ మీద, ఒత్వం పైన ఎడమ మూల, ఒకటి అంకె పక్కన. హిందీకి హ్రస్వ ఎ, ఒ అక్కర్లేదు, కాబట్టి మనవి మూలకి పోయాయని నాకనిపిస్తుంది. మనమేమో నోరు తెరిస్తే చెప్పు, వెళ్లు, కొత్త, కొడుకు, పొద్దున. భారమంతా ఎడమ చిటికెన వేలి మీదే. రాత్రిళ్లు ఆ వేలికి అమృతాంజనం రాసుకుని పడుకున్నాను.

నేర్చుకునేవాళ్లకి నా మాట: మీటల మీద స్టిక్కర్లు అంటించకండి, చూపు కిందే ఉండిపోతుంది. పాత ఆపిల్ పని కొంతకాలం పూర్తిగా మానేయండి, రెండూ కలిపితే రెండూ పోతాయి. ఇంగ్లీషులో అమ్మ అని కొడితే తెలుగులో వచ్చే పద్ధతి తేలికే, 2019 నుంచి విండోస్‌లో అదీ ఇస్తున్నారు. కానీ వేగం చూసే పరీక్షలో నాకు దాని మీద నమ్మకం లేదు. ఇది నా పంతం అనుకున్నా సరే.

రెండోసారి టెస్టు మామూలుగా అయిపోయింది. పేజీ ఇచ్చారు, కొట్టాను, ఇచ్చిన టైముకన్నా ముందే లేచాను. ఇన్‌చార్జి తెర చూశాడు, ఏమీ అనలేదు. ఆ కుర్రాడే వెనకాలే వచ్చి, "అక్కా, మా దగ్గర పాత అను ఫైళ్లు బోలెడున్నాయి, యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేస్తే ఒత్తులన్నీ తారుమారవుతున్నాయి, మీకేమైనా తెలుసా?" అని అడిగాడు. తెలుసు అన్నాను. జీతం సంగతి మళ్లీ మాట్లాడాలని కూడా అన్నాను.