రెండు మెహ్రాబుల వస్త్రం గోడకెక్కిన తీరు: నా అనుభవం

గుంటూరు ఆనందపేటలో పెరిగిన నేను, గే వ్యక్తినని ఇంట్లో చెప్పిన చాలా కాలానికి గానీ ఆ సంగతినీ మా ఇంటి నమాజునూ ఒకే వస్త్రం మీదికి తేవాలని అనుకోలేదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పుతో, వయోజనులు పరస్పర సమ్మతితో స్వలింగ సంబంధం పెట్టుకోవడం 377వ సెక్షన్ కింద నేరం కాకుండా పోయింది కనుక చట్టం గురించి బెంగ లేదు. ఇక నెట్టుకు రావలసింది మనుషులతోనే.

లాహోరులో పుట్టి న్యూయార్కులో చిత్రాలు వేస్తున్న సల్మాన్ తూర్ ప్రదర్శన 2020లో అక్కడి విట్నీ మ్యూజియంలో మొదలైనప్పుడు, ఆకుపచ్చని వెలుతురులో కబుర్లాడుకునే ఆయన బొమ్మల్లోని గే యువకులను ఫోనులో చూసి ధైర్యం తెచ్చుకున్నాను. అయితే ఆయనవి నూనె రంగులు, మనుషుల ముఖాలు; నేను చేయదలచింది జానమాజ్, అంటే నమాజు కోసం కింద పరుచుకునే వస్త్రం; దాని మీద ప్రాణి బొమ్మ వేయడానికి నాకే మనసొప్పదు.

అందుకే చెక్క అచ్చులతో బట్టల మీద కలంకారీ అద్దకం చేసే పెడన వెళ్లాను. మెహ్రాబు (మసీదు గోడలో నమాజు దిక్కును చూపే కమాను), సైప్రస్ చెట్టు, పూలతీగలతో ఈ ప్రాంతపు అద్దకం బట్టలు ఒకప్పుడు మచిలీపట్నం రేవు నుంచి పర్షియాకు వెళ్లేవి. పక్కపక్కన రెండు కమానులు గీసి, వాటి మధ్య స్తంభం మాత్రం వదిలేశాను. అచ్చు చెక్కే పెద్దాయన కాగితం అటూ ఇటూ తిప్పి, “నడుమ స్తంభం లేకపోతే కమాను దేని మీద ఆగుద్ది బాబూ?” అన్నారు. ఇద్దరూ ఒకే చోట నిలబడాలని అంతవరకే చెప్పాను. ఆయన ఇంకేమీ అడగకుండా, కమానులు కలిసే చోట నుంచి ఒక తీగ కిందికి దించమన్నారు. ఆ తీగ ఊహ పూర్తిగా ఆయనదే. కరక్కాయ పట్టించిన బట్ట మీద పటికతో అద్దిన చోట్ల మొదట దాదాపు ఏమీ కనబడదు. ఎర్రరంగు దినుసుతో రాగి కాగులో ఉడికించాకే ఎరుపు తేలుతుంది.

విజయవాడలో ఒక గ్యాలరీ వారికి వస్త్రం నచ్చింది, పక్కన పెట్టే వివరాల పలక నచ్చలేదు. ‘ముస్లిం వారసత్వం’ ఉంచి ‘క్వియర్’ (గే వంటి వారందరినీ కలిపి చెప్పే మాట) తీసేయమన్నారు. ఇటు నా మిత్రులేమో మతం ఊసెందుకని విసుక్కున్నారు. ఇద్దరూ మంచి ఉద్దేశంతోనే నన్ను సగానికి కోయబోయారు. రెండు మాటలూ తెలుగులో, ఉర్దూలో ఉంటాయని, నా ఫోటో మాత్రం ఉండదని రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా నేను బట్ట ఇవ్వలేదు.

అమ్మీ అభ్యంతరం వేరు. “దాని మీద నమాజు చదవనంతవరకు అది ఉత్త బట్టే. చదివావా, ఇంక గోడకెక్కించమాక” అంది. గ్యాలరీ వారు పెట్టిన షరతు కన్నా ఇదే నాకు సబబుగా తోచి, అలాగే మాటిచ్చాను.

ఇప్పుడు వేరే ఊరి నుంచి ఎవరైనా ఆ వస్త్రాన్ని అడిగితే ముందు పలక మీది రాతనే పంపుతున్నాను. అందులో ఒక్క మాట తీయబోమని ఒప్పుకున్నాకే కొలతలు, రవాణా ఖర్చుల గురించి మాట్లాడుతున్నాను.