ముప్పై ఆరున్నర

తెల్లవారుజాము నుంచి ముసురు. కొండ కనబడలేదు. నవంబరు తిరుపతి ఇంతే. నాకు ఇష్టమైన వాతావరణమే, నెలలు నిండని పిల్లలకు మాత్రం గిట్టదు.

మూడు దాటాక అన్నం డబ్బా మూత తీశానో లేదో, ఈ ఏడాదే నవజాత శిశువైద్యంలో డీఎం అనే పై చదువుకు చేరిన అమ్మాయి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చింది. థీసిస్ అంశం ఈ వారంలోగా ఇవ్వాలి. పుట్టినప్పుడు ఊపిరాడక మెదడు దెబ్బతిన్న పిల్లలను మూడు రోజులు చల్లబరిచే చికిత్స మీదే చేస్తానని పట్టు. హెలిక్స్ అధ్యయనం గుర్తుచేశాను. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది పిల్లలతో చేసి 2021లో ప్రచురించారు. పాశ్చాత్య దేశాల్లో ప్రాణాలు నిలిపిన పద్ధతే ఇక్కడ తిరగబడింది. చల్లబరిచిన వారిలో 42 శాతం, చల్లబరచని వారిలో 31 శాతం చనిపోయారు.

“అందుకే కదా సార్, మనం చేయాలి” అంది. మాట బాగుంది. దానికి వందల మంది పిల్లలు కావాలి. ఆమెకున్నది మూడేళ్లు, అందులోనూ బోలెడు రాత్రి డ్యూటీలు.

“చల్లబరచడం తరువాత చూద్దామమ్మా. మన పిల్లలు ఎవరూ అడగకుండానే చల్లబడి వస్తున్నారు” అని అడ్మిషన్ రిజిస్టరు తెప్పించాను.

ఉష్ణోగ్రత గడిలో 36.5 డిగ్రీల సెల్సియస్. దాని కింద 36.5. పేజీ తిప్పినా అదే. అంతకు తగ్గితే బిడ్డ చల్లబడినట్టు లెక్క. కవలలు, అర్ధరాత్రి పుట్టినవాళ్లు, అందరూ బుద్ధిగా గీత మీదే నిలబడ్డారు. అమ్మాయి నవ్వింది. సిస్టర్ నవ్వలేదు.

“ఒకేసారి ముగ్గురు వస్తే ఊపిరి చూడాలా, థర్మామీటరు పట్టుకోవాలా సార్?”

నా దగ్గర జవాబు లేదు.

అంతలో కింది అంతస్తులోని ప్రసూతి గది నుంచి ఒక పాప వచ్చింది. 1,300 గ్రాములు. లిఫ్టు దగ్గర ఆగాల్సి వచ్చిందట. వెనకే తండ్రి. కొండ మీద మొక్కు తీర్చుకుని నేరుగా వచ్చినట్టున్నాడు, గుండుకు చందనం ఇంకా ఆరలేదు. వాన పడకుండా తువ్వాలు కప్పుకున్నాడు. పాప తలకు టోపీ లేదు. వార్మర్ కింద పడుకోబెట్టి తల తుడుస్తుండగానే చంకలో థర్మామీటరు పెట్టించాను. 35.2. అమ్మాయి ఆ అంకెను అరచేతి మీద రాసుకుంది.

మా గైడ్ నా థీసిస్‌ను మొదటిసారి చూసింది సంతకం పెట్టిన రోజునే. అట్ట రంగు బాగుందన్నారు. ఆ కసి నా విద్యార్థుల మీద తీర్చుకుంటున్నానేమో, ప్రతి వాక్యానికీ పేచీ పెడతాను.

రాత్రి తొమ్మిదికి ఫోనులో సందేశం. “లిఫ్టు కోసం ఎన్ని నిమిషాలు ఆగారో కూడా రాయాలా సార్?” రాయమన్నాను. ఆ పని సిస్టర్ల మీద వేయొద్దని కూడా అన్నాను.

కాసేపటికి ఇంకొకటి. “ఎవరి గడియారం చూసి రాయాలి సార్? ప్రసూతి గదిలోదానికీ మనదానికీ ఆరు నిమిషాలు తేడా ఉంది.”