టీ-34 ట్రాక్: 14 మిల్లీమీటర్ల కోసం మూడు వారాలు

పొద్దున్నే లేచి మొహం కూడా కడుక్కోకుండా, నేను కడుతున్న బొమ్మ ట్యాంకు ఉన్న బల్ల దగ్గరికి వెళ్లాను. ఎడమ ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే లింకుల పట్టీ) ఊడలేదు! మూడు వారాల్లో రాత్రంతా నిలిచిన మొదటి ట్రాక్ ఇదే. కుడిది ఇంకా డబ్బాలోనే ఉంది, దాని సంగతి తర్వాత.

మిగతా బండి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సోవియట్ ట్యాంకు టీ-34/85 ప్లాస్టిక్ కిట్, 1/35 స్కేలు (అసలు బండిలో 35వ వంతు), మోటారుతో నడిపించే రోజుల నాటి అచ్చు. అందుకే హల్ (బండి ఒళ్లు) అడుగునంతా కన్నాలే. షీటు ముక్కలతో మూసి మిస్టర్ సర్ఫేసర్ 500 (సందులు పూడ్చే చిక్కటి ప్రైమర్) పూశాను. అసలు 1/35 అనే ఈ వింత స్కేలు పుట్టిందే తమియా (జపాన్ కిట్ల కంపెనీ) వాళ్లు మొదటి పాంథర్ ట్యాంకు కిట్‌లో మోటారు, బ్యాటరీలు పట్టేలా కొలత పెట్టడం వల్ల. ఆ బ్యాటరీల లెక్కే మనం ఇవాళ్టికీ మోస్తున్నాం. టరెట్ (ఫిరంగి ఉండే పై గోపురం) మీద పోత గరుకు బాగా వచ్చింది. పసుపెక్కిన డికాల్స్ (బండి మీద అంటించే గుర్తులు, అంకెలు) కిటికీ అద్దానికి అంటించి వారం ఎండలో ఉంచితే తెల్లబడ్డాయి. ఆకుపచ్చ రంగు వలేహో కంపెనీది, బ్రష్‌తోనే, నాలుగు పల్చటి పూతలు. బ్రష్‌కి వలేహో, ఎయిర్‌బ్రష్‌కి తమియా. ఈ విషయంలో నాతో ఎవరు వాదించినా వినను.

ఇక ట్రాక్.

డబ్బాలో వచ్చింది పాత రకం వినైల్ పట్టీ. చివర ఉన్న రెండు మొటిమల్ని రెండో చివర కన్నాల్లో దూర్చి, వేడి స్క్రూడ్రైవర్‌తో నొక్కి కరిగించాలి. అలాగే చేశాను. రెండు గంటలు నిలిచింది, తర్వాత టప్‌మని ఊడి స్ప్రాకెట్ (ట్రాక్‌ని తిప్పే పళ్ల చక్రం) మీద రంగు గీరుకుంటూ పోయింది. రెండోసారి సూపర్ గ్లూ వేస్తే ఇరవై నిమిషాలు. మూడోసారి పంతం పట్టి నైలాన్ దారంతో కుట్టేశాను. కుట్టు మాత్రం గట్టిగా నిలిచింది. ఈసారి బండే వంగింది.

ముందున్న ఐడ్లర్ (ట్రాక్‌ని బిగుతుగా పట్టి ఉంచే చక్రం) లోపలికి 1.5 మి.మీ. ఒరిగింది. మొదటి చక్రం నేల మీద ఆనడం లేదు. మామూలు ప్రింటర్ కాగితం ఒక్కోటి సుమారు 0.1 మి.మీ. మందం ఉంటుంది కదా, చక్రం కింద ఒక్కొక్కటే దూరుస్తూ పోతే ఎనిమిది కాగితాలు పట్టాయి. అంటే 0.8 మి.మీ. పైకి లేచింది. అసలు బండి లెక్కలో అది 28 మి.మీ. ఐదు చక్రాల మీద నిలబడాల్సిన బండి నాలుగింటి మీద కుంటుతోంది.

అప్పుడు గానీ కొలవాలన్న బుద్ధి పుట్టలేదు. చక్రాల చుట్టూ దారం బిగుతుగా చుట్టి చూస్తే 351 మి.మీ. వచ్చింది. పట్టీ చూస్తే 337. పద్నాలుగు తక్కువ!

మొదట అనుకున్నది, వయసుకి కుంచించుకుపోయి ఉంటుందని. పాత వినైల్‌లోంచి మెత్తదనం ఇచ్చే నూనె కారిపోతుంది, అది మనకందరికీ అనుభవమే. ఈ డబ్బాలో కూడా పట్టీ ఆనిన చోట ఒక ఫెండర్ ముక్క మీద జిగటగా, కరిగినట్టు లింకుల గుర్తులు పడ్డాయి. కానీ లెక్క కుదరలేదు. అసలు టీ-34కి ఒక్కో వైపు 72 లింకులు, లింకుకీ లింకుకీ మధ్య 172 మి.మీ. దాన్ని 35తో భాగిస్తే 4.91. పది లింకులకి 49.1 రావాలి, నా పట్టీ మీద 46.8 ఉంది. అంటే పొడవులో దాదాపు 4.7 శాతం లోటు. వెడల్పు? 500 మి.మీ. ట్రాక్‌కి 14.3 రావాలి, నాకు 14.1 వచ్చింది. అక్కడ లోటు ఒకటిన్నర శాతం కూడా లేదు. కుంచించుకుపోయి ఉంటే అన్ని వైపులా ఒకేలా తగ్గాలి కదా. లింకులు లెక్కపెట్టాను, 72 ఉన్నాయి. చక్రం వ్యాసం 830 మి.మీ.కి 23.7 రావాలి, 23.6 ఉంది. కాబట్టి నా అనుమానం: మోటారు తిప్పేటప్పుడు జారిపోకుండా పట్టీని అచ్చులోనే పొట్టిగా పెట్టుంటారు. వయసు చేసింది కొంచెమే. పిల్లవాడు నేల మీద నడిపించడానికి ఆ బిగుతు మంచిదే, అలమరలో పెట్టుకునే నాకు కాదు.

వేడి నీళ్లలో ముంచి బరువు కట్టి వేలాడదీశాను. సాయంత్రానికి 344. సంబరపడి పడుకున్నా. పొద్దున్నకి 339.

లోహపు లింకులు కొనుక్కోవచ్చు కదా అంటారు. నిజమే, ఫ్రియుల్ లింకులు బరువుకి వాటంతట అవే చక్రాల మీద జారి కూర్చుంటాయి, టీ-34 లాంటి పై రోలర్లు (ట్రాక్ పైభాగాన్ని మోసే చిన్న చక్రాలు) లేని బండికి అంతకన్నా అందమైనది లేదు. కానీ పాత కిట్ కట్టే సరదా అంతా డబ్బాలో ఉన్నదానితో గెలవడంలోనే ఉంది. అది కొంటే ఓడిపోయినట్టే.

చివరికి చేసింది ఇది. వేడి నీళ్లలో మెత్తబడే మోల్డ్ ముక్కని కుడి పట్టీ మీద నొక్కి, అందులో మిల్లిపుట్ (కలిపితే గట్టిపడే ఎపాక్సీ పుట్టీ) కూరి లింకులు పోశాను. మూడు చాలనిపించింది, పొడవుకి సరిపోతాయి కూడా. కానీ టీ-34 ట్రాక్‌లో ఒక లింకుకి పన్ను (లోపలి వైపు పొడుచుకొచ్చే కొమ్ము) ఉంటే పక్కదానికి ఉండదు. మూడు కలిపితే అతుకు దగ్గర వరస తప్పుతుంది. కాబట్టి నాలుగు. 337కి 18.7 కలిపితే 355.7, బిగుతు పోగా ఇంకా నాలుగున్నర మి.మీ. వదులు మిగులుతుంది. మొదటి పోతలో పళ్లు రెండూ మోల్డ్‌లోనే విరిగి ఉండిపోయాయి, రెండో పోతలో ఒకటి. ఆ ఒక్కదాన్నీ షీటు చెక్కి అతికించాను. రెండు వైపులా 0.4 మి.మీ. ఇత్తడి తీగ దూర్చి సూపర్ గ్లూ. మిల్లిపుట్ వంగదు గనక ఆ ముక్కని అడుగున, మూడో నాలుగో చక్రాల కింద పెట్టాను. అక్కడ ఎలాగూ వంగే పని లేదు, పైగా బురద పూసే చోటు.

ఐడ్లర్ నిటారుగా ఉంది. చక్రం కింద ఒక్క కాగితం కూడా దూరడం లేదు. పైభాగం మాత్రం కిందికి జారకుండా విల్లులా లేస్తోంది, ఏళ్ల తరబడి డబ్బాలో మడిచి ఉంచిన పొగరు. చక్రాల వెనక హల్‌కి రెండు 0.5 మి.మీ. పిన్నులు గుచ్చి కిందికి అణిచాను.

రంగు ఇంకా తేలలేదు. లాకర్ ప్రైమర్ వేసిన పరీక్ష ముక్క వంచగానే పొలుసులుగా రాలింది. రేపు సబ్బుతో కడిగి, ప్రైమర్ లేకుండా ముదురు గోధుమ అక్రిలిక్ నేరుగా వేసి చూస్తాను. ఆ తర్వాత కుడి వైపుకి మళ్లీ నాలుగు లింకులు పొయ్యాలి. మోల్డ్ ఉంది కాబట్టి ఒక సాయంత్రం పని అనుకుంటున్నాను. ఇలా అనుకున్నవేవీ ఒక సాయంత్రంలో తేలవని తెలుసు.

తర్వాతి బండి బ్రిటిష్ ట్యాంకు సెంచూరియన్. అదీ పాత అచ్చే. నిన్న డబ్బా తెరిచి సూచనల కాగితం కూడా చూడకుండా పట్టీ తీసి కొలిచాను, అదీ పొట్టిదే. కానీ దానికి పక్క రేకులుంటాయి, పైభాగం మొత్తం వాటి వెనకే.