ఓడ దారి మార్చుకున్న పూట

ఐస్‌లాండ్ వెళ్లొచ్చిన మనవాళ్లు గోల్డెన్ సర్కిల్ గురించీ, నల్ల ఇసుక బీచ్ గురించీ, ఆకాశంలో ఆకుపచ్చ వెలుగుల గురించీ ఇప్పటికే బోలెడు రాశారు. అవన్నీ మేమూ చూశాం, బాగున్నాయి. నేను చెప్పాలనుకున్నది మాత్రం థోర్లాక్స్‌హాప్న్ అనే రేవులో పడిగాపులు పడ్డ ఒక పూట గురించి.

వెస్ట్‌మన్ దీవులకు ఓడ ఎక్కాల్సింది లాండెయాహాప్న్‌లో. అక్కణ్ణుంచి ముప్పావుగంట కూడా పట్టదు. రేవుకి దగ్గరని ఎక్కువ డబ్బు పోసి మరీ సేల్యాలాండ్స్ జలపాతం దగ్గర బస తీసుకున్నాం. తెల్లారేసరికి ఫోన్‌లో మెసేజ్: అలలు ఎక్కువగా ఉన్నాయి, ఓడ ఇవాళ థోర్లాక్స్‌హాప్న్ నుంచి బయలుదేరుతుంది. అంటే వచ్చిన దారినే రేక్యవిక్ వైపు దాదాపు 100 కిలోమీటర్లు వెనక్కి వెళ్లి, అక్కణ్ణుంచి సముద్రం మీద రెండు గంటల ముప్పావు ఊగాలి. లాండెయాహాప్న్‌లో ఇసుక మేటలు వేస్తుందట, అల లేస్తే ఓడ లోపలికి రాలేదట, చలికాలంలో ఇది మామూలేనట. మామూలే అంటే మాత్రం కోపం తగ్గుతుందా! మా ఆవిడ దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

తీరా చేరాక ఇంకా చాలా టైముంది. ఎదురుగాలి మొహాన కొడుతోంది. పెట్రోలు బంకు పక్కనున్న చిన్న హోటల్లో దూరాం. గొర్రె మాంసం సూపు గిన్నె 3,000 క్రోనాలు, మన లెక్కలో రెండు వేల రూపాయల దాకా. అందులో తేలుతున్న మాంసం ముక్కల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పక్క బల్ల దగ్గర నారింజ రంగు జాకెట్ వేసుకున్న ఒకాయన నా మొహం చూసి నవ్వి, 'ఇంకో గిన్నె అడగండి, చాలా చోట్ల రెండోది ఊరికే పోస్తారు' అన్నాడు. అడిగాను, పోశారు. అలా మాటలు కలిశాయి. ఆయనది పోలండ్. ఊరికి పడమర ఒడ్డున ఉన్న సాల్మన్ ఫారంలో పని, రాత్రి షిఫ్ట్ దిగి వచ్చాడు. మాది కొల్లేరు పక్క ఊరు, ఇంటి చుట్టూ చేపల చెరువులే అనగానే ఆయన కుర్చీ మా బల్ల దగ్గరికి జరిగింది.

సాల్మన్ అంటే సముద్రంలో గుండ్రటి వలలు కట్టి పెంచుతారనే నాకు తెలుసు. ఇక్కడా పడమటి ఫియోర్డుల్లో, తూర్పు ఫియోర్డుల్లో (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయలు) అలాగే పెంచుతారు. మిగతా తీరంలో చాలా భాగం 2004 నుంచే ఆ పెంపకానికి మూసేశారు, నదుల్లో ఉండే అడవి సాల్మన్‌కి ముప్పని. 2023 ఆగస్టులో ఆ ముప్పు ఎలా ఉంటుందో అందరికీ తెలిసొచ్చింది. పాట్రెక్స్ ఫియోర్డులో వలకు చిరుగులు పడి దాదాపు 3,500 చేపలు జారిపోయాయి. అవి నార్వే జాతి పెంపుడు చేపలు. అడవి చేపలతో కలిసి గుడ్లు పెడితే జాతి చెడిపోతుందని నార్వే నుంచి డైవర్లను పిలిపించి, నదుల్లో ఈటెలతో ఒక్కో చేపనీ వేటాడించారు. ఆ అక్టోబరులో రేక్యవిక్‌లో జనం రోడ్డెక్కారు. ఇక వలల్లో పేను సంగతి చెప్పక్కర్లేదు. మన బొచ్చెకీ శీలావతికీ పట్టే పేను వేరు, ఇది వేరు. కానీ చేప ఒంటిని తినేసే తీరూ, రైతును మందుల కొట్టుకి తిప్పే తీరూ ఒకటే.

'అందుకే మేం గట్టు మీదికొచ్చాం' అన్నాడాయన. ఫారం కంచె దాకా కార్లో దారి చూపించాడు. లోపలికి రానివ్వరు, బయటి బూట్లతో జబ్బులొస్తాయని. కంచె ఇవతల నుంచే చూశాం. నల్లటి లావా రాళ్ల మీద ఇళ్లకన్నా ఎత్తైన గుండ్రటి తొట్లు, పైన పిట్టలు వాలకుండా వల. చేప ఒక్కటీ కనపడదు. పంపుల హోరు మాత్రం గాలి చప్పుడుని మించి వినపడుతోంది. దిగువన గొట్టంలోంచి నీళ్లు నురగలు కక్కుతూ సముద్రంలో పడుతున్న చోట సముద్రపు కాకులు గుంపు కట్టాయి.

ఫోన్‌లో వీడియో చూపించాడు. తొట్టిలో నీళ్లు గిర్రున తిరుగుతుంటే వేల చేపలు ఒకే వైపు తల పెట్టి ఎదురీదుతున్నాయి, ఉన్నచోటే ఉన్నాయి. ఒక చేప తోక అంచు అరిగి తెల్లగా కనపడింది. అంత ఇరుకులో గోడకీ పక్క చేపకీ రాసుకుంటే అలా అవుతుందన్నాడు, దాచకుండా.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆ నీళ్లు. లావా నేలలో బోర్లు వేసి, రాళ్ల సందుల్లోంచి లోపలికి ఊరిన సముద్రపు నీటినే తోడుతున్నారు. రాయే వడపోత కాబట్టి పేను రాదు, చలి కూడా ఏడాదంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కొంత నీటిని గాలి కొట్టి, బొగ్గుపులుసు గాలి తీసేసి, ఆక్సిజన్ ఎక్కించి మళ్లీ వాడతారు. మిగతాది మడ్డి తీసి సముద్రంలోకే వదులుతారు. నేల మీద పెంపకం అన్నారే గానీ, సముద్రాన్ని పైకి తోడి దించడమే ఇదంతా. జలవిద్యుత్తూ భూమి వేడితో తీసే కరెంటూ పుష్కలంగా ఉన్న దేశం కాబట్టి సాగుతోంది.

ఆయన ఇంతకుముందు డెన్మార్క్‌లో, అదే నీటిని తిప్పి తిప్పి వాడే ఫారంలో చేశాడు. అక్కడ చేపలు ఎక్కువగా మొప్పల్లోంచి వదిలే అమ్మోనియాను బ్యాక్టీరియా నైట్రేటుగా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా అలిగితే చేపలు పోతాయి. మూల మడ్డి పేరుకుంటే హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి ఒక్క పూటలో తొట్టి ఖాళీ. అన్నీ బాగున్నా ఇంకో తంటా: చేపకి మట్టి వాసన పడుతుంది. జియోస్మిన్ అనే పదార్థం కొవ్వులో చేరుతుంది. అమ్మే ముందు రోజుల తరబడి మేత మాన్పించి శుభ్రమైన నీళ్లలో ఉంచితే గానీ పోదు. అన్నాళ్లూ చేప బరువు తగ్గుతుంది, రైతుకి నష్టం.

నాకు నవ్వొచ్చింది. చెరువు బొచ్చెని మా అమ్మ ఉప్పూ పసుపూ రాసి బండ మీద రుద్ది రుద్ది కడిగేది ఆ వాసనకే. ఆపైన చింతపండు పులుసు. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగి వాసన పోతుందని తర్వాతెప్పుడో చదివాను. అదే ఆయనకి చెప్తే 'మీరు పులుసు పెడతారు, వీళ్లు పచ్చిగా కోసుకు తింటారు, అదీ మా కష్టం' అన్నాడు.

వీడియో ఆకివీడులో ఉన్న మా బావకి పంపాను. అరగంటలో జవాబు: 'కరెంటు బిల్లు ఎంతంటరా?' ఆయన్నడిగితే, అది ఆఫీసు వాళ్లకే తెలుసన్నాడు. పంపులు ఆగితే చేపలు ఎంతసేపు బతుకుతాయంటే మాత్రం వెంటనే చెప్పాడు, నిమిషాలేనని. అందుకే జనరేటర్లూ, ఆక్సిజన్ ట్యాంకులూ. మబ్బు పట్టిన రాత్రి చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ ఆగితే తెల్లారేసరికి చేప తేలిపోతుందని బావ నిద్రపోని రాత్రులు నాకు తెలుసు.

సముద్రం పాడవుతోంది, గట్టు మీదికి తెచ్చేస్తే సరి అనే మాట నాకంత సులువుగా మింగుడు పడదు. గట్టు మీదా ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. మా వైపు వరిచేలు చెరువులయ్యాయి, తాగే నీళ్లు కొనుక్కుంటున్నాం, 2006లో కొల్లేరు అభయారణ్యంలో చెరువు గట్లు తెగ్గొట్టాల్సొచ్చింది. ఇక్కడ అంత జనం లేరు, నీళ్లకి కొరత లేదు. మేత సంగతి మాత్రం తొట్టి మార్చినంత మాత్రాన మారదు. సోయా, చేపనూనె, చేపపిండి ఎక్కడినుంచో రావాల్సిందే.

ఓడ ఎలాగో వచ్చింది. ఆ రెండు గంటల ముప్పావు గురించి రాయను, మా ఆవిడ చదువుతుంది.

వెస్ట్‌మన్ దీవుల్లో ఒకటైన హేమాయ్‌లో దిగాక చూస్తే అక్కడా తొట్లే. 1973 జనవరిలో నేల చీలి అగ్నిపర్వతం పుట్టి, కొత్త లావా సముద్రంలోకి పాకి కలిపిన నేల మీద కట్టారు. అప్పుడు రేవు మూసుకుపోకుండా ఊరివాళ్లు సముద్రపు నీళ్లు పంపులతో లావా మీద కొట్టి దాన్ని ఆపారు. రాత్రి హోటల్లో, ఈ సాల్మన్ తొట్టిదా వలదా అని వడ్డించే అమ్మాయిని అడిగాను. వంటగదిలోకి వెళ్లి కనుక్కొచ్చింది, వలదేనట. బదులుగా కాడ్ చేప చెప్పాను. అది ఇంకో 600 క్రోనాలు ఎక్కువ.