మోవర్ చోక్ పూర్తిగా తెరుచుకోవడం లేదు: మూడు శనివారాల పని

మొదటి శనివారం

మార్చి చివర్లో గరిక పచ్చబడటం మొదలయ్యిందని మోవర్ (గడ్డి కోసే యంత్రం) బయటికి తీశాను. ఇక్కడ డాలస్ వైపు చాలా ఇళ్ల ముందు కనిపించే బెర్ముడా గడ్డి మన గరికే, ఎండలు పెరిగాయంటే ఒక్క వారం వదిలినా చేతికి అందదు. నాది 21 అంగుళాల మోవర్, 160 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, తొమ్మిదేళ్లుగా వాడుతున్నాను. హ్యాండిల్ మీద ఒకటే లివర్ ఉంటుంది, వెనక్కి లాగితే తాబేలు బొమ్మ (తక్కువ వేగం), ముందుకి నెడితే కుందేలు (ఎక్కువ వేగం), కుందేలు దాటి ఇంకా నెడితే చోక్, అంటే చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడానికి గాలి తగ్గించే రేకు.

చోక్‌లో పెట్టి తాడు లాగితే రెండో లాగుడుకే అందుకుంది. కానీ లివర్ కుందేలు మీదికి తెచ్చాక నల్లపొగ, గుడగుడమని ముక్కడం, గడ్డిలోకి నాలుగడుగులు తోయగానే ఆగిపోవడం. ప్లగ్గు విప్పి చూస్తే మొనంతా పొడి మసి.

చలికాలమంతా ట్యాంకులో పెట్రోల్ అలాగే వదిలేశాను, ఇక్కడ బంకుల్లో దొరికేదాంట్లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, కాబట్టి కార్బొరేటర్ పాడయ్యిందని తీర్మానించుకున్నాను. మొత్తం విప్పి, కింది కప్పులో ఉన్న తెల్లటి పొడి కడిగి, జెట్లలోంచి సన్నటి రాగి తీగ దూర్చి, క్లీనర్ స్ప్రే కొట్టి, గాస్కెట్లు విప్పిన వరసలోనే పెట్టి బిగించాను. మూడు గంటలు పట్టింది. స్టార్ట్ చేస్తే పొగ అలాగే ఉంది, దానికి తోడు ఇంజిన్ ఊగడం మొదలుపెట్టింది, వూఁ అని పైకి లేవడం, పడిపోవడం, మళ్లీ లేవడం. ఆ రోజుకి అక్కడితో ఆపేశాను.

రెండో శనివారం

ఈసారి స్పానర్ పట్టుకోకుండా ముందు కూర్చుని చూశాను. ప్లగ్గు టోపీ లాగేసి (ఈ పని మాత్రం ఎప్పుడూ మొదట చేయండి, కింద బ్లేడుంది), ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి, టార్చి పెట్టి, ఎడమ చేత్తో లివర్ మెల్లగా కదుపుతూ అక్కడ ఏది ఎటు కదులుతుందో గమనించాను. వారం ముందే ఇలా చేసి ఉంటే ఆ మూడు గంటలు మిగిలేవి, ఎందుకంటే లివర్ తాబేలు మీద ఉన్నప్పుడు పొగ లేదన్న సంగతి నాకు అప్పుడే తెలుసు, అంటే తేడా లివర్ స్థానంతోనే వస్తోంది. పట్టించుకోలేదు.

కొత్తగా ఈ పని మొదలుపెట్టేవాళ్లకి ఒక విషయం కాస్త వివరంగా చెప్పాలి. పాత కార్బొరేటర్ స్కూటర్‌లో యాక్సిలరేటర్ తిప్పితే కేబుల్ తిన్నగా కార్బొరేటర్‌నే లాగుతుంది. ఇలాంటి మోవర్‌లో అలా ఉండదు. ఇక్కడ లివర్ లాగేది ఒక స్ప్రింగుని, ఆ స్ప్రింగు గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే ఏర్పాటు) చేతిని లాగుతుంది, ఆ చెయ్యి సన్నటి రాడ్డుతో థ్రాటిల్ రేకుని (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని పెంచే తగ్గించే రేకు) తెరుస్తుంది. ఇంజిన్ లోపల తిరిగే చిన్న బరువులు వేగం పెరిగేకొద్దీ విచ్చుకుని అదే చేతిని ఎదురు దిశలో నెడతాయి. ఈ రెండు లాగుళ్లూ ఎక్కడ సమానమైతే ఇంజిన్ అక్కడ నిలబడుతుంది. అందుకే ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు లివర్ కుందేలు మీద పెడితే థ్రాటిల్ రేకు పూర్తిగా తెరుచుకుని కనిపించాలి. నాది తెరుచుకునే ఉంది, అంటే గవర్నర్ వైపు పెద్ద తేడా ఏమీ లేదు.

చోక్ రేకు దగ్గర దొరికింది. లివర్ చోక్ దాకా నెడితే కేబుల్‌తో కదిలే ప్లేటు కొన వెళ్లి చోక్ చేతిని తోసి రేకు మూస్తుంది, వెనక్కి తేగానే చిన్న స్ప్రింగు దాన్ని తెరిచేయాలి. నా మోవర్‌లో లివర్ కుందేలు మీదికి వచ్చాక కూడా ప్లేటు కొన చోక్ చేతిని వదలడం లేదు, రేకు పావు వంతు మూసుకునే ఉంది. గాలి తక్కువ, పెట్రోల్ ఎక్కువ, అదే పొగ.

కారణం కేబుల్‌ని పట్టి ఉంచే క్లాంపు. దాని స్క్రూ వదులైపోయి కేబుల్ పైతొడుగు జారింది. క్లాంపు ఇన్నేళ్లుగా పట్టుకున్న చోట తొడుగు నలుపు నిగనిగలాడుతోంది, ఆ మెరుపు ఇప్పుడు క్లాంపుకి ఆరు మిల్లీమీటర్లు పక్కన ఉంది. అంత చిన్న తేడా చాలు.

సరిచేసిన పద్ధతి: క్లాంపు స్క్రూ వదులు చేసి, హ్యాండిల్ మీద లివర్‌ని చోక్ చివరిదాకా నెట్టి, కింద ప్లేటుని చేత్తో తోసి చోక్ రేకు పూర్తిగా మూసి పట్టుకుని, తొడుగులో వదులు లేకుండా లాగి స్క్రూ బిగించాను. తర్వాత లివర్ కుందేలు మీదికి తెచ్చి చూస్తే ప్లేటు కొనకీ చోక్ చేతికీ మధ్య సన్నటి సందు కనిపించింది, రేకు గాలికి అడ్డం లేకుండా నిలువునా తెరుచుకుంది. ఐదారుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పి చూశాకే ప్లగ్గు శుభ్రం చేసి (గ్యాపు 0.76 మిల్లీమీటర్లు) పెట్టాను. పొగ పోయింది. ఊగడం పోలేదు.

మూడో శనివారం

మా అన్నయ్య దుగ్గిరాల దగ్గర పసుపు చేలో పెట్రోల్ పవర్ వీడర్ (కలుపు తీసే యంత్రం) వాడతాడు, దాని మీద కూడా గవర్నర్ ఉంటుంది. వీడియో కాల్ చేసి ఇంజిన్ చూపించాను.

"విప్పేటప్పుడు ఫొటో తీశావా?"

"తీశాను అన్నయ్యా."

"అయితే నన్నెందుకు అడుగుతావురా, ఆ ఫొటో చూడు. రాడ్డు చుట్టూ సన్న స్ప్రింగు ఉంటది, ఉందా?"

ఫొటోలో ఉంది, ఇంజిన్ మీద లేదు. గవర్నర్ చేతి నుంచి థ్రాటిల్‌కి వెళ్లే రాడ్డు చుట్టూ ఒక స్ప్రింగు ఉంటుంది, బాల్‌పెన్ రీఫిల్ స్ప్రింగు కన్నా సన్నది, రెండు కొసలకీ చిన్న కొక్కేలు. రాడ్డు వంపు కూర్చునే రంధ్రంలో ఎప్పుడూ కాస్త సందు ఉంటుంది, ఆ సందు ఆడకుండా ఈ స్ప్రింగు రాడ్డుని ఒక పక్కకి బిగబట్టి ఉంచుతుంది. అది లేకపోతే గవర్నర్ కొంచెం కదిలినా థ్రాటిల్ వెంటనే కదలదు, కదిలినప్పుడు మరీ ఎక్కువ కదులుతుంది, ఇంజిన్ ఊగుతుంది. స్ప్రింగు కోసం గ్యారేజీ నేలంతా వెతికాను, చివరికి ఆ రోజు పార్టులు పరిచిన పాత తువ్వాలు మడతలో దొరికింది. ముక్కు పొడుగు పట్టకారుతో ఒక కొస థ్రాటిల్ దగ్గర, రెండోది గవర్నర్ చేతి చిన్న రంధ్రంలో తగిలించాను. సాగదీస్తే పాడవుతుంది, నెమ్మదిగా చేయాలి.

గవర్నర్ చెయ్యి మొదట్లో ఒక నట్టు ఉంటుంది, దాన్ని మాత్రం ఊరికే ముట్టుకోకండి. ఇప్పటికే వదులు చేసి ఉంటే, చేతిని థ్రాటిల్ పూర్తిగా తెరిచే వైపుకి నెట్టి పట్టుకుని, లోపలి షాఫ్ట్‌ని కూడా అదే వైపుకి ఆగేదాకా తిప్పి, అప్పుడు బిగించాలి. ఎదురువైపు తిప్పి బిగిస్తే ఇంజిన్ వేగానికి హద్దు ఉండదు.

ఆ భయంతోనే ప్లగ్గు వైరుకి చుట్టే చిన్న టాకోమీటర్ (ఇంజిన్ చుట్లు లెక్కపెట్టే మీటర్) కొన్నాను. మా ఆవిడ హ్యాండిల్ కడ్డీ పట్టుకుని నిలబడింది, నేను పక్క నుంచి చూశాను. నిమిషానికి 6,080 చుట్లు చూపించింది! ఒక్క క్షణం టెన్షన్ వచ్చి వెంటనే ఆపమన్నాను. 21 అంగుళాల బ్లేడు కొన వేగం ఇక్కడి భద్రతా ప్రమాణం ప్రకారం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదు, లెక్క వేస్తే అది సుమారు 3,450 చుట్లు. మరి చెవికి వినిపించే శబ్దం అంత వేగంలా లేదు. తర్వాత అర్థమైంది, ఇలాంటి ఇంజిన్లలో ఫ్లైవీల్ అయస్కాంతం ప్రతి చుట్టులోనూ ప్లగ్గుని వెలిగిస్తుంది, మీటరేమో రెండు చుట్లకి ఒకసారి అనే లెక్కలో ఉంది. మీటర్ సెట్టింగ్ మార్చాక 3,040. నా మాన్యువల్ చెప్పేది కూడా 3,000 చుట్టుపక్కలే, కాబట్టి వేగం స్క్రూ జోలికి వెళ్లలేదు.

ముందు వెనక రెండు వైపులా కోశాను, దట్టంగా ఉన్న కంచె పక్కకి తోస్తే ఇంజిన్ కాస్త కుంగి, వెంటనే అందుకుంటోంది. ప్లగ్గు మొన లేత గోధుమ రంగుకి వచ్చింది. కేబుల్ లోపలి తీగ మాత్రం ఇంకా బిగుసుగా ఆడుతోంది, నూనె చుక్కలు వేసినా పెద్దగా మారలేదు. కొత్తది ఆర్డర్ పెట్టాను, వచ్చే వారం మార్చాలి.